కండ కనపడింది, బలం పోయింది: ఫిజిక్ పోటీకి తయారైన నా అనుభవం

నేను హనుమకొండలో ఓ మెడికల్ షాపులో ఫార్మసిస్టును. పెళ్లయింది, బడికి పోయే బాబు ఉన్నాడు. వీలు కుదిరిన ఏడాది ఉమెన్స్ ఫిజిక్ పోటీలో స్టేజీ ఎక్కుతాను. ఈ చివరి మాట చెప్పగానే ఎదుటివాళ్ల చూపు ముందు నా చేతుల మీదికి, ఆ తర్వాత మా ఆయన మీదికి పోతుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు, అలవాటైపోయింది.

ఇది రాయడానికి ఒక కారణముంది. స్టేజీ మీద ఫొటోలు చూసినవాళ్లంతా ఆ రోజు నేను మంచి బలం మీద ఉన్నాననుకుంటారు. నిజానికి ఆ ఫొటో దిగిన రోజు మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకున్నాను. ఫొటో కింద వంద కామెంట్లు వస్తాయి కానీ ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"అంటే బాడీ బిల్డింగేనా?" అని అందరూ అడుగుతారు. ఆ కుటుంబమే, కానీ అదొక్కటే కాదు. అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌బీబీ లెక్కలో ఆడవాళ్లకు కండ మోతాదును బట్టి విభాగాలుంటాయి. అన్నిటికంటే తక్కువ కండ బికినీ విభాగంలో. ఆ పైన వెల్‌నెస్, ఫిగర్. వాటికి పైన ఫిజిక్, ఇంకా పైన బాడీ బిల్డింగ్. ఆడవాళ్ల బాడీ బిల్డింగ్‌లో అన్నిటికంటే పెద్ద పోటీ మిస్ ఒలింపియా, అది 1980లోనే మొదలైంది. ఫిజిక్ మాత్రం కొత్తది, ఒలింపియాలోకి 2013లో వచ్చింది. కండ స్పష్టంగా కనపడాలి, అలాగని చర్మం కింద ప్రతి పోగూ లెక్కపెట్టేంతగా ఎండిపోకూడదు. భుజాలు, వీపు వెడల్పుగా, నడుము సన్నగా, కాళ్లు వాటికి తగ్గట్టుగా ఉండాలి. హీల్స్ ఉండవు, ఉత్త పాదాలతో నిలబడతాం. నేను ఫిజిక్ ఎంచుకోవడానికి సగం కారణం ఆ హీల్స్ లేకపోవడమే అంటే నవ్వకండి.

మన దగ్గర ఇంకో చిక్కు, సంఘాలు ఎక్కువ. ఇండియన్ బాడీ బిల్డర్స్ ఫెడరేషన్ ఒక ప్రపంచ సమాఖ్య కింద నడుస్తుంది, ఐఎఫ్‌బీబీ వైపు వాళ్లది ఇంకో దారి. ఒకరు మోడల్ ఫిజిక్, అథ్లెటిక్ ఫిజిక్ అంటారు, ఇంకొకరు ఫిగర్ అంటారు. ఫీజు కట్టకముందే ఆ పోటీ రూల్ బుక్ తెప్పించుకుని ఎత్తు ఎలా చూస్తారు, ఏ పోజులు అడుగుతారు, చెప్పులా ఉత్త కాళ్లా అన్నది చదువుకోవాలి. మా దగ్గర జిల్లా స్థాయిలో ఆడవాళ్ల విభాగమే పెట్టరు. కాబట్టి మాకు పోటీ అంటే హైదరాబాద్ పోవడమే.

నేను జిమ్‌లో చేరింది పోటీల కోసం కాదు, డెలివరీ తర్వాత వదలని నడుము నొప్పికి. నొప్పి పోయింది, జిమ్ మిగిలింది. ఒకరోజు ఫోన్‌లో కిరణ్ డెంబ్లా గారి గురించి చదివాను. హైదరాబాద్ ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, 2013లో బుడాపెస్ట్‌లో జరిగిన ప్రపంచ పోటీకి వెళ్లారు. మన పక్కనే ఇలాంటి మనిషి ఉండగా నేను రెండు కిలోల గులాబీ రంగు డంబెల్స్ ఊపుతూ ఎందుకున్నానా అనిపించింది.

ఆ గులాబీ డంబెల్స్ మా జిమ్‌లో లేడీస్ గదిలో ఉండేవి. రెండు ట్రెడ్‌మిల్స్, ఒక సైకిల్, గోడకు పెద్ద అద్దం, అంతే సామాను. స్క్వాట్ ర్యాక్, బార్‌బెల్స్, కేబుల్ మెషిన్ అన్నీ అవతల మగవాళ్ల హాల్లో. లేడీస్ టైమ్ పదకొండు నుంచి నాలుగు. ఆ టైమ్‌లో నేను షాపులో ఉంటాను. అందుకని సాయంత్రం ఏడున్నరకు, కుర్రాళ్లు కిక్కిరిసి ఉన్నప్పుడే పోవాల్సి వచ్చింది. మొదట్లో నేను ర్యాక్ దగ్గరికి వెళ్తే పక్కవాళ్లు తప్పుకుని గోడకు ఆనుకునేవాళ్లు. ఆ మర్యాద చాలా ఇబ్బందిగా ఉండేది. కొన్నాళ్లకు ఒకడు విసుగ్గా, "అక్కా, ఇంకెన్ని సెట్లున్నయ్ నీయి?" అన్నాడు. ఆ విసుగు వింటే ప్రాణం లేచొచ్చింది. ఇక నన్ను కూడా జిమ్ మనిషిగానే చూస్తున్నారన్నమాట.

కోచ్ నాకంటే చిన్నవాడు. స్టేట్ మీట్లలో ఆడి వచ్చిన మనిషి, మాట తక్కువ. మొదటి రోజే ఒక డైరీ పెట్టమన్నాడు. మందుల కంపెనీవాళ్లు షాపుకు ఊరికే ఇచ్చే డైరీలు బోలెడుంటాయి, అందులోనే రాయడం మొదలుపెట్టాను. ఏ కసరత్తు, ఎంత బరువు, ఎన్ని సార్లు. పోయినవారం ఎనిమిది సార్లు లేపిన బరువు ఈ వారం తొమ్మిది సార్లు లేవాలి, లేదంటే ఓ రెండున్నర కిలోలు పెరగాలి. దీన్నే ప్రొగ్రెసివ్ ఓవర్‌లోడ్ అంటారు. శరీరానికి కొత్త భారం తగిలితేనే కొత్త కండ కట్టుకుంటుంది. ఖాళీ బార్ ఇరవై కిలోలుంటుంది, దానితోనే నా స్క్వాట్, అంటే భుజాల మీద బరువు పెట్టుకుని కూర్చుని లేవడం, మొదలైంది. రెండేళ్లు దాటాక ఎనభై కిలోలతో ఐదు సార్లు లేచాను. నేల మీది బార్‌ను నడుము దాకా ఎత్తే డెడ్‌లిఫ్ట్ వంద కిలోలు దాటింది. షాపులో సెలైన్ పెట్టెలు వస్తే రెండేసి ఎత్తుకొచ్చేదాన్ని.

పోటీ లేని నెలలను ఆఫ్ సీజన్ అంటాం. నన్నడిగితే అసలు సీజన్ అదే. కడుపునిండా తిండి, బరువులు, ఏడెనిమిది గంటల నిద్ర. భుజాలు, వీపు, తొడలు అప్పుడే పెరుగుతాయి. పోటీకి ముందు చేసేదల్లా ఆ కండ మీద ఉన్న కొవ్వును తీసేయడమే, కొత్తగా కట్టేదేమీ ఉండదు.

ఇక తిండి. కిలో బరువుకు రోజుకు 1.6 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ అని లెక్క. నా బరువుకు నూట పది గ్రాముల దాకా. "రోజూ పప్పు తింటలేమా?" అంటుంది అత్తమ్మ. ఓ గిన్నెడు ఉడికిన పప్పులో ఏడెనిమిది గ్రాములకు మించి రాదు. గుడ్డుకు ఆరు. వంద గ్రాముల పచ్చి చికెన్ బ్రెస్ట్‌కు ఇరవై మూడు వరకు. అన్నిట్లో చవక మీల్ మేకర్, ఎండువి వంద గ్రాములు తీసుకుంటే యాభై గ్రాముల పైనే ప్రొటీన్. చెరువు చేపలు దొరికే ఊరు మనది కాబట్టి ఆదివారం రవ్వో, చేతిలో డబ్బులుంటే కొర్రమీనో.

అసలు కష్టం లెక్కలతో కాదు, వారాలతో వచ్చింది. సోమవారం, శనివారం మా ఇంట్లో నీసు వండరు. శనివారం అత్తమ్మ ఒక్కపొద్దు. శ్రావణమాసం, కార్తీకమాసం మొత్తానికి మొత్తం బంద్. గుడ్డు నీసులోకి రాదని నేను, వస్తుందని ఆమె. "రాకుంటే మరి వాసనెందుకొస్తది?" అంటే నా దగ్గర జవాబు లేదు. చివరికి ఒప్పందం కుదిరింది. వెనక వరండాలో ఒక ఇండక్షన్ స్టవ్, దానికో విడి గిన్నె, విడి గరిటె. ఆ గిన్నె గడప దాటి లోపలికి రావద్దు. శనివారం పొద్దున ఆమె లోపల దీపం పెడుతుంటే నేను వరండాలో స్టూల్ మీద కూర్చుని గుడ్లు ఒలుచుకునేదాన్ని. శ్రావణంలో మాత్రం గుడ్లు కూడా వద్దంది. ఆ నెలంతా పనీర్, పెరుగు, మీల్ మేకర్, పొడి ప్రొటీన్‌తో నెట్టుకొచ్చాను. నిజం చెప్పాలంటే కండ ఏమీ తగ్గలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, చెబితే కార్తీకంలో కూడా గుడ్లు పోతాయి.

తూకం మిషన్ తెచ్చిన రోజు ఇంకో గొడవ. "బంగారం తూసినట్టు అన్నం తూస్తున్నవేందే? ఎవలన్న చూస్తే అత్త కడుపునిండ తిండి పెడ్తలేదనుకుంటరు." నిజంగానే పక్కింటివాళ్లు అలా అనుకున్నారని తర్వాత తెలిసింది.

చేతుల కథ వేరే. సాధారణంగా నేను వేసుకునేవి చుడీదార్లు, చేతులు ఎవరి కంటా పడవు. బతుకమ్మకు పట్టుచీర మీదికి జాకెట్ కుట్టించడానికి పోయాను. మా వీధి చివర కుట్టే అక్క టేపు నా భుజం కింద చుట్టి, చూసి, విప్పి, మళ్లీ చుట్టింది. "చేతి లూజు పన్నెండున్నర? ఇగో, మా మాస్టర్ నేను తప్పు రాసిన్ననుకొని పదిన్నరకే కోస్తడు" అంది. కాగితం మీద పన్నెండున్నర రాసి దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘కరెక్టే’ అని రాసింది. ఆ మాస్టర్ అయినా పదకొండున్నరకే కోశాడు. కుట్టు లోపల వదిలిన బట్ట విప్పి కుట్టించుకుంటే గానీ చెయ్యి దూరలేదు.

ఆ ఏడాది బతుకమ్మ సరిగ్గా కటింగ్ మధ్యలో పడింది. కటింగ్ అంటే పోటీకి ముందు పన్నెండు నుంచి పదహారు వారాలు కొవ్వు తగ్గించే దశ. ఖర్చయ్యే దానికంటే రోజూ నాలుగైదు వందల కేలరీలు తక్కువ తినడం, వారానికి అరకిలో దగ్గర దిగడం. అంతకంటే తొందరపడితే కొవ్వుతో పాటు కండా పోతుంది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా ఇంట్లో రోజుకో నైవేద్యం. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కింద ఆడుతున్నాం, చుట్టూ జనమే జనం. మా చిన్నత్తమ్మ మలీద ముద్ద నా చేతిలో పెట్టింది. ప్రసాదం కాదనలేను. చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది మా బాబుకు పెట్టాను. వాడికి ఆ నెలలన్నీ పండగే.

ఆ రోజు తెలిసినవాళ్లు ఎంతమంది ఒకే ప్రశ్న అడిగారో. "ఏమైంది బిడ్డా, మొకం పీక్కపోయింది? షుగరు గిట్ల వచ్చిందా?" సన్నబడితే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది షుగరే. ఒకావిడ మా అత్తమ్మను పక్కకు తీసుకెళ్లి కాపురం బాగానే ఉందా అని అడిగిందట. బలంగా ఉన్న ఆర్నెల్లూ ‘మగరాయుడు’ అన్న మనుషులే బలం తగ్గగానే జాలిపడ్డారు. రెండిట్లో నాకు మగరాయుడే నయమనిపించింది.

పొద్దున్నే ఐదింటికి భద్రకాళి చెరువు కట్ట మీద నడక, తర్వాత షాపు, సాయంత్రం బరువులు. ఆఖరి వారాల్లో ఆకలి కడుపులో ఉండదు, తలలో ఉంటుంది. ప్రిస్క్రిప్షన్ మీద రాసినదాన్ని రెండోసారి, మూడోసారి చదువుకుని గానీ మందు ఇచ్చేదాన్ని కాదు. ఏసీ కింద చలి. ఎముకల మీద కూర్చున్నట్టుండి కుర్చీలో దిండు వేసుకున్నాను. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, వస్తే ఇక నిద్ర లేదు. ఫోన్‌లో గిన్నప్ప, అదే సర్వపిండి, ఎలా చేస్తారో వీడియోలు చూస్తూ కూర్చునేదాన్ని. పల్లీలు, నువ్వులు కలిపిన పిండిని వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె పోస్తుంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో ఆకలిమీదున్న మనిషికే తెలుస్తుంది.

పోటీకి వారం ముందు షాపుకు సెలైన్ స్టాక్ వచ్చింది. అర లీటరు బాటిళ్లు ఇరవై నాలుగు పట్టే అట్టపెట్టె, పన్నెండు కిలోల పైమాట. అలవాటు ప్రకారం రెండు పెట్టెల కింద చేతులు పెట్టాను, లేవలేదు. పైదాన్ని దించి ఒక్కదాన్ని ఎత్తాను. మోకాళ్ల దాకా వచ్చింది, అక్కడి నుంచి చేతులు వణకడం మొదలైంది. మళ్లీ నేల మీద పెట్టేశాను. ఆ వారం నేను పొట్టిచేతుల టాప్ వేసుకున్నాను. భుజం మీద గీతలు, ముంజేతి మీద నరాలు, అన్నీ తేలి ఉన్నాయి. షాపు పిల్లాడు నా చేతుల వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు. "మేడమ్, గిన్ని కండలు పెట్టుకొని ఒక్క పెట్టె లేస్తలేదా?" వాడు ఎగతాళి చెయ్యలేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. వాడే వచ్చి ఎత్తి ర్యాక్‌లో పెట్టాడు. డిగ్రీ ఫెయిలై, పొద్దున బోండాలు తిని వచ్చే బక్క పిల్లాడు.

కండ ఉన్నంత మాత్రాన సరిపోదు. పని చెయ్యాలంటే దాంట్లో గ్లైకోజన్, అంటే అన్నం లాంటి తిండి నుంచి కండ దాచుకునే ఇంధనం, ఉండాలి, వెనకాల నిద్ర ఉండాలి, తిండి ఉండాలి. నా దగ్గర ఆ వారం కండ తప్ప అవేవీ లేవు. కానీ కొవ్వు పొర పోయింది కాబట్టి చూడ్డానికి మాత్రం ఏడాది మొత్తంలో అప్పుడే ఎక్కువ కండ ఉన్నట్టు కనిపిస్తాను.

నెలసరి కూడా ఆగింది. దీని గురించి జిమ్‌లలో ఎవరూ మాట్లాడరు, కోచ్‌లు మగవాళ్లు కాబట్టి మనం చెప్పం, వాళ్లడగరు. నేను లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆమె తిట్టలేదు, కాగితం మీద రాసి చూపించింది. తిన్నదాంట్లోంచి వ్యాయామానికి పోయినది తీసేస్తే ఒంటిని నడపడానికి ఏమీ మిగలకపోతే శరీరం ముందుగా ఆపే డిపార్ట్‌మెంట్ ఇదే. ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, ఎక్కువ కాలం సాగితే ఎముకలు గుల్లబారతాయి. రిలేటివ్ ఎనర్జీ డెఫిషియెన్సీ ఇన్ స్పోర్ట్ అని ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి పేరు కూడా పెట్టింది. పోటీ అవగానే బరువు పెంచు, మూడు నెలలు దాటినా రాకుంటే మళ్లీ రా అంది. ఆ తేదీ డైరీలో బరువుల పక్కనే రాసుకున్నాను. బరువు పెరిగాక మళ్లీ వచ్చింది. రాకపోయుంటే ఇక స్టేజీ మాటెత్తేదాన్ని కాదు.

మందుల షాపులో ఉంటాను కాబట్టి ఇంకోటి చెప్పాలి. వారానికి ఒకరిద్దరైనా కుర్రాళ్లు వచ్చి గొంతు తగ్గించి కండ పెంచే టెస్టోస్టిరోన్ ఇంజెక్షన్ ఉందా, డెకా అనే స్టెరాయిడ్ ఉందా అని అడుగుతారు. అవి డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడని మందులు, ఇవ్వను. నేను పోటీకి పోతున్నానని తెలిశాక ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కూడా, "అక్కా, లేడీస్‌కు ఏం పడ్తయ్?" అని వచ్చారు. వాళ్లను స్టూల్ మీద కూర్చోబెట్టి చెప్పాను. మగ హార్మోన్ వాడితే ఆడవాళ్లకు గొంతు బొంగురుపోతుంది, మందు ఆపినా ఆ గొంతు మళ్లీ మామూలు కాదు. గడ్డం మీద వెంట్రుకలు, తల మీద పలచబడ్డం, లివర్ సంగతి అదనం. నేను వాడేది క్రియాటిన్, రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు. కండకు కాస్త శక్తినిచ్చే పొడి అది. అది, పొడి ప్రొటీన్, అంతే. అవైనా సీలు, బ్యాచ్ నంబరు చూసి కొంటాను. పెద్ద స్టేజీల మీద అందరూ ఇలాగే వస్తారా అంటే, రారు. నా పక్కన నిలబడ్డ మనిషి ఏం వాడిందో నాకు తెలియదు, అడగను కూడా.

ఆఖరి వారంలో కోచ్‌తో గొడవపడింది నీళ్ల మీద. ముందు రోజు నుంచి నీళ్లు బంద్ చెయ్యాలి, ఉప్పు బంద్ చెయ్యాలి అన్నాడు. "అక్కా, అందరు గట్లనే చేస్తరు." కొందరు ఒంట్లో నీటిని మూత్రంలో పోగొట్టే లాసిక్స్ బిళ్ల కూడా మింగుతారు. నేను కుదరదన్నాను. మోహమ్మద్ బెనజిజా అని ఓ బాడీ బిల్డర్ 1992లో నెదర్లాండ్స్‌లో పోటీ గెలిచి గంటల్లోనే చనిపోయాడు. ఒంట్లో నీరు తోడేసుకోవడం వల్లే గుండె ఆగిందంటారు. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుందని ఫార్మసీలో చదువుకున్నదాన్ని, ట్రోఫీ కోసం ఆ బిళ్ల ఎలా మింగను? పైగా లెక్క ప్రకారం కూడా అది తిరకాసే. ముందు రెండు రోజులు అన్నం పెంచేది కండలోకి గ్లైకోజన్ ఎక్కించడానికి. ఒక్కో గ్రాము గ్లైకోజన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. నీళ్లే తాగకపోతే కండ నిండేది దేనితో? నీళ్లు తాగాను, కూరలో ఉప్పు మామూలుగానే వేసుకున్నాను. కోచ్ రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు.

స్టేజీ మీద వేసుకునే బికినీ లాంటి పోజింగ్ సూట్ గురించి ఇంట్లో చెప్పింది మా ఆయనే. నాకు నోరు రాలేదు. మా బాపుకైతే ఇప్పటికీ పక్క నుంచి తీసిన భుజాల ఫొటో ఒక్కటే చూపించాం. అత్తమ్మ మాత్రం సూట్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "దీనికి ఇన్ని పైసలా? బట్టనే లేదు గద" అంది. అంతకు మించి ఒక్క మాటా అనలేదు. ఆమెకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. పోటీకి పోయే రోజు పొద్దున మాత్రం దిష్టి తీసి పంపింది.

ట్యాన్ సంగతి తెలియనివాళ్లకు వింతగా ఉంటుంది. స్టేజీ లైట్లు మన రంగును తెల్లగా చేసి గీతలన్నీ చెరిపేస్తాయి. అందుకని ముందు రాత్రే ఒళ్లంతా ముదురు గోధుమ రంగు పూస్తారు, ఆరాక ఇంకో పూత, పొద్దున మరొకటి. ఎంత నల్లటి మనిషైనా పూయాల్సిందే. చిన్నప్పటి నుంచి శనగపిండి రుద్ది తెల్లబడమన్న ఊళ్లోంచి వచ్చి, డబ్బులిచ్చి నల్లరంగు పూయించుకోవడం నాకు భలే సరదాగా అనిపించింది. లాడ్జి దుప్పట్లకు అంటుకుంటే పైసలు గుంజుతారని ఇంటి నుంచి పాత నల్ల దుప్పటి తీసుకెళ్లాను. రాత్రంతా చేతులు ఒంటికి తగలకుండా వెల్లకిలా పడుకోవాలి. చెయ్యి కడిగితే అక్కడ చార పడుతుంది, అందుకని అన్నం స్పూన్‌తోనే.

పోటీ పదింటికన్నారు. మా విభాగాన్ని పిలిచేసరికి మధ్యాహ్నం మూడున్నర. మధ్యలో ఒక ముఖ్య అతిథి రావడం, ఆయన కోసం ఆపడం, శాలువాలు, ఫొటోలు, మళ్లీ ఇంకో అతిథి. ఆర్గనైజర్లకు ఆడవాళ్ల విభాగం అంటే మగవాళ్ల వెయిట్ కేటగిరీల మధ్య ఖాళీ పూడ్చుకునేది. ఇటు మా కోచ్‌ది వేరే టెన్షన్. మరమరాలు, బెల్లం, అరటిపండు ఏ నిమిషానికి తినాలో లెక్కేసుకుని తెచ్చాడు. పిలుస్తారేమోనని తినడం, పిలవకపోవడం, చెమటకు నడుము దగ్గర రంగు కారడం, మళ్లీ అద్దడం. మారే గది కూడా లేదు. స్టోర్ రూమ్‌లో చీర అడ్డం పెట్టి ముగ్గురం మారాం. స్టేజీ ఎక్కేముందు కండలు ఉబ్బేలా చేసే పంపప్‌కు ఒకే రబ్బర్ బ్యాండ్, మగవాళ్లు వాడి పడేసిన డంబెల్స్ రెండు.

ముగ్గురం అన్నాను కదా, పోటీలో ఉన్నది కూడా ముగ్గురమే. ముందు నాలుగు వైపులా తిరిగి నిలబడాలి, తర్వాత ఐదు పోజులు. ఫ్రంట్ డబుల్ బైసెప్స్, సైడ్ చెస్ట్, బ్యాక్ డబుల్ బైసెప్స్, సైడ్ ట్రైసెప్స్, ఐదోది పొట్టా తొడలూ కలిపి చూపించేది. ఫిజిక్‌లో పిడికిలి బిగించకూడదు, అరచేతులు తెరిచే ఉంచాలి. బయటి నుంచి చూస్తే తేలికగా నిలబడినట్టుంటుంది. కాలి బొటనవేలి నుంచి మెడ దాకా అన్నిటినీ ఒకేసారి బిగపట్టి, ముఖాన నవ్వు మాత్రం వదులుగా ఉంచాలి. హెడ్ జడ్జి ‘హోల్డ్’ అని, పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ కూర్చుంటే తొడలు వణుకుతాయి. నాకు బ్యాక్ పోజులో ఎడమ పిక్క పట్టేసింది. వీపు జడ్జీల వైపుంది కాబట్టి ముఖం ఎలా పెట్టానో వాళ్లకు తెలియదు, వెనక తెర పట్టుకున్న పిల్లాడికి తెలుసు.

రెండో స్థానం వచ్చింది. గెలిచినావిడ తొడలు నావాటికంటే చాలా ముందున్నాయి, ఫలితంలో తప్పేమీ లేదు. ఒక ట్రోఫీ, ఒక సర్టిఫికెట్, సర్టిఫికెట్ మీద నా పేరు తప్పు. స్టేజీ దిగే మెట్ల దగ్గరే నేను రెయిలింగ్ పట్టుకుంది.

బయటికొచ్చి ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుని తిన్నాను. తర్వాత బిర్యానీ. తర్వాత ఏమేం తిన్నానో రాయను. మూడో రోజుకు పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. వారంలో నాలుగు కిలోలు, ఎక్కువ భాగం నీరే. ఆ పది పదిహేను రోజులు అద్దం చూడ్డం కటింగ్ కంటే కష్టం. గీతలు ఒక్కొక్కటిగా మాయమవుతుంటే అన్నీ తెలిసి కూడా ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది. కోచ్ ఫోన్‌లోంచి పోటీ ఫొటోలు తీసేయమని నేనే అన్నాను, రోజూ అడిగి మరీ చూస్తున్నానని.

కానీ తిండి పడ్డ మూడో వారంలో రాత్రంతా నిద్రపట్టింది. స్క్వాట్‌లో అరవై కిలోలు మళ్లీ తేలికయ్యాయి. రెండో నెలలో సెలైన్ పెట్టెలు రెండేసి మోశాను. షాపు పిల్లాడు, "ఇప్పుడు కండలు పోయినయ్ మేడమ్, బలమొచ్చింది" అన్నాడు. వాడి లెక్క పూర్తిగా తప్పేమీ కాదు.

ఈ ఏడాది స్టేజీ లేదు, తొడలు పెరగాలి. కోచ్ మాత్రం ఫిజిక్ వదిలి ఫిగర్‌లోకి మారమంటున్నాడు. అందులో పోటీకి వచ్చేవాళ్లు ఎక్కువ, గుర్తింపు ఎక్కువ, నా ఒళ్లు కూడా సరిపోతుందంటాడు. అంత ఎండాల్సిన పని కూడా ఉండదంటాడు, ఆ మాట దగ్గర మాత్రం కొంచెం ఆలోచిస్తున్నాను. మిగతా వాదన ఇంకా తేలలేదు. ఆ హీల్స్ వేసుకుని నడవడం వాణ్ని ముందు నేర్చుకుని చూపించమన్నాను.